నలభై వేల పెట్టెలో పాట మారుతుందా?

ఈ నెల చిట్టీ మేం పాడుకున్నాం. అత్తగారి బాత్‌రూమ్‌లో జారని టైల్స్ వేయించి, గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నాం. సంక్రాంతి ముందు ఆవిడ ఒకసారి జారారు. దేవుడి దయ వల్ల మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. మేస్త్రీ వచ్చి లెక్క చెప్పి వెళ్ళిన రాత్రే మావారు మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఇందులో ఓ నలభై వేలు నాకు కావాలోయ్. ఫోనో ప్రీయాంప్ మార్చుదామనుకుంటున్నా" అన్నారు.

ఆ పేరు ఎప్పుడూ వినని వాళ్ళు కంగారు పడకండి. నాలుగేళ్ళ క్రితం వరకూ నాకూ తెలియదు. మామగారు పోయాక ఆయన పెట్టెలో దాచుకున్న గ్రామఫోన్ రికార్డులు మా ఇంటికి వచ్చాయి. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత, శంకరాభరణం, ఈమని శంకరశాస్త్రిగారి వీణ, ఇంకా ఓ డెబ్భై దాకా. వాటి కోసం టర్న్‌టేబుల్ కొన్నారు, దానికో చిన్న నల్లడబ్బా తగిలించారు. రెండున్నర వేల ఆ డబ్బానే ప్రీయాంప్. ఆయన రోజూ సాయంత్రం గంటన్నర కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఆ గంటన్నరా నేను ఏ పనీ చెప్పను. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఒకరోజు వీణ వింటూ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

కాబట్టి నలభై వేలు అనగానే 'కుదరదు' అనెయ్యలేకపోయాను. అలాగని టైల్స్ మానుకోమనీ అనలేను. ముందు అసలు ఆ డబ్బా ఏం చేస్తుందో తెలుసుకుందామని కూర్చున్నాను.

రికార్డు మీద ముల్లు నడిచినప్పుడు పుట్టే కరెంటు చాలా చిన్నది. మా ఇంట్లో ఉన్న రకానికి వోల్టులో వెయ్యో వంతుల్లో ఓ అయిదు. దాన్ని వంద రెట్లు పెంచితే గానీ మామూలు ఆంప్లిఫయర్‌కి చాలదు. అదొక పని. రెండోది మరీ తమాషా. మంద్రస్వరాలని ఉన్నవి ఉన్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ మరీ ఎక్కువగా ఊగి చోటు చాలదట. అందుకని రికార్డు తయారు చేసేటప్పుడే వాటిని తగ్గించి, సన్నటి ధ్వనుల్ని పెంచి చెక్కుతారు. వాయించేటప్పుడు ఇంట్లో డబ్బా ఆ లెక్కని తిరగేస్తుంది. మనం కూరగాయలు ఒరుగులు చేసి దాచి, వండే ముందు నానబెట్టుకుంటామే, అలాగన్నమాట. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కని 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక కొలికికి తెచ్చింది. తర్వాత అందరూ దాన్నే పట్టుకున్నారు. అంటే డబ్బా సొంత తెలివి ఏమీ చూపించక్కర్లేదు. ఆ లెక్క తప్పకుండా చేస్తే చాలు. ఈ రోజుల్లో కొన్ని పదుల రూపాయల చిప్, నాలుగు మంచి విడిభాగాలు ఆ పని శుభ్రంగా చేస్తాయని మా అబ్బాయి చెప్పాడు. వాడిది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో ఏడు.

"లెక్కలు వేరు, చెవి వేరు" అన్నారు మావారు. సరే, చెవితోనే తేల్చుకుందామన్నాను. ఆయన స్నేహితుడి దగ్గర సరిగ్గా అలాంటి నలభై వేల పెట్టే ఉంటే వారం రోజులకి అడిగి తెచ్చారు.

మొదటి రోజు తగిలించగానే నాకే గుండె జారింది. నిజంగానే బాగుంది! వీణ ముందుకొచ్చి కూర్చున్నట్టుంది. ఇంకేం, డబ్బు ఇచ్చేద్దామనుకున్నా. అబ్బాయి ఫోన్‌లో ధ్వని కొలిచే యాప్ పెట్టి, "అమ్మా, ఇది గట్టిగా మోగుతోంది, అంతే" అన్నాడు. కొంచెం ఎక్కువ శబ్దం వస్తే మనకి అది శబ్దంలా కాక, నాణ్యతలా వినిపిస్తుందట. ఆ మాట నాకు భలే నచ్చింది. చీరల షాపులో అంతేసి లైట్లు ఎందుకు పెడతారో మనకి తెలియదూ!

పాత డబ్బాలో ఇంకో లోపం ఉంది. పాట ఆగినప్పుడల్లా సన్నగా గుయ్‌మనే మోత. దాన్ని పట్టింది మేమెవరం కాదు, పక్క గదిలో ఉన్న అత్తగారు. "మీ నాన్న పెట్టినప్పుడు ఈ రొద ఉండేది కాదురా" అన్నారు. చూస్తే టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎర్తు తీగ వదులైపోయి ఉంది. స్క్రూ బిగించగానే మోత పోయింది. ఈ కారణంగా ఎంతమంది ఖరీదైన డబ్బాలు కొని ఉంటారో!

ఆదివారం మధ్యాహ్నం అసలు పరీక్ష. రెండు డబ్బాలూ ఒకే శబ్దం ఇచ్చేలా వాల్యూమ్ మీట దగ్గర నా బొట్టుబిళ్ళలు రెండు గుర్తుగా అంటించాం. డబ్బాల మీద చున్నీ కప్పాం. మావారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను రూపాయి బిళ్ళ ఎగరేసి, ఏది పడితే ఆ డబ్బాకి తీగలు మార్చాను. అదే వీణ, అదే నిమిషం. పన్నెండు సార్లు. ఆయన ఏడు సరిగ్గా చెప్పారు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసా అన్నా ఆరు దాకా వస్తాయి. మూడోసారీ నాలుగోసారీ బిళ్ళ ఒకే పక్క పడింది. తీగలు పీకి మళ్ళీ అక్కడే పెట్టాను. "ఆఁ, ఇది వేరు, తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తోంది" అన్నారు. అబ్బాయి నవ్వబోతే కళ్ళతోనే ఆపాను.

లెక్క చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గెలిచిన సంతోషం నాకేమీ కలగలేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు కదా, నిజంగానే విన్నారు. ఆ వినడం డబ్బాలోంచి కాకుండా మనసులోంచి వచ్చింది.

"నీకు అలవాటు లేదు గనక తేడా తెలియదు" అనే వాళ్ళుంటారు. ఒప్పుకుంటాను. జరీలో తేడా నాకు తెలుస్తుంది, ఆయనకి తెలియదు. అందుకే పరీక్ష నాకు పెట్టలేదు, తెలుస్తుందన్న ఆయనకే పెట్టాం. డబ్బు పెట్టడం పూర్తిగా దండగ అని కూడా అనను. పదో వంతు కరెంటు మాత్రమే ఇచ్చే మూవింగ్ కాయిల్ రకం ముల్లు పెట్టుకున్న వాళ్ళకి అంత పెంచినా బుస్సుమనని మంచి డబ్బా కావాలి. 1954 లెక్కకి ముందు నాటి పాత లక్క రికార్డులు వినేవాళ్ళకి లెక్క మార్చుకునే వీలున్నది కావాలి. మా ఇంట్లో ఆ రెండూ లేవు. ఉన్న రికార్డుల గరగర ఏ డబ్బా రొదకన్నా పదింతలు ఎక్కువ!

నన్నడిగితే డబ్బు ముందు ముల్లు మీద పెట్టాలి. దాని ఆయుష్షు అయిదు వందల నుంచి వెయ్యి గంటలని తయారీదార్లే చెబుతారు. రోజుకి గంటన్నర చొప్పున నాలుగేళ్ళు, మీరే లెక్కేసుకోండి. సుప్రభాతంలో 'స'లూ 'శ'లూ వచ్చినప్పుడల్లా ఇసక రాసినట్టు వినిపించడం పాత రికార్డు వల్లనే అనుకుంటూ వచ్చాం. రెండువేల ఎనిమిది వందలు పెట్టి కొత్త ముల్లు వేయిస్తే ఆ ఇసక పోయింది. దీనికి చున్నీ కప్పి పరీక్ష పెట్టక్కర్లేకపోయింది. వంటింట్లో పోపు వేస్తున్న నాకే వినిపించింది.

పెట్టె వెనక్కి వెళ్ళింది. టైల్స్ పని పదిరోజుల్లో అయిపోయింది. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం కూర్చుని డిస్టిల్డ్ వాటర్‌తో రికార్డులు ఒక్కొక్కటీ కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెడుతున్నాం. వీణ రికార్డు వచ్చినప్పుడు మాత్రం ఆయన, "ఎంతైనా ఆ పెట్టెలో..." అని మొదలెట్టి ఆగిపోతారు. నేను వినపడనట్టు తర్వాతి రికార్డు అందిస్తాను.