చీర బొమ్మ ఎవరి చేతిలో ఉండవలెను?



నిరుడు శ్రావణమాసమునకు ముందు మా సంఘమునకు ఒక పట్టణపు వర్తకునినుండి ఫోను వచ్చినది. "సరుకు పంపనక్కర లేదండి సెక్రటరీ గారూ, ఒక్కొక్క చీరకు నాలుగు ఫోటోలు పంపండి చాలు. మా యాప్‌లో ఆడవాళ్ళు ఫోను ముందు నిలబడితే ఆ చీర కట్టుకున్నట్టే కనబడుతుంది. నచ్చితే అప్పుడు తెప్పించుకుంటాం" అని ఆయన మాట. దీనిపై మా కమిటీలో రెండు గంటలు చర్చ జరిగినది. కుర్రవారు పంపుదమనిరి, పెద్దలు వద్దనిరి. చివరకు రెండు చీరల ఫోటోలు పంపితిమి. ఆర్డరు రాలేదు. దసరానాటికి అదే అంచు, అదే బుటా అచ్చు వేసిన మరమగ్గము చీరలు బజారులో కనబడినవి. ఎవరు చేసిరో మేము చెప్పజాలము, నేరము ఎవరిమీదను మోపుట లేదు. కాని ఆనాటినుండి ఈ సంగతిని శ్రద్ధగా విచారించుచున్నాము. మాకు తోచినది మీ ముందుంచుచున్నాము.

మొదట ఈ విద్య ఏమిటో చూతము. ఎదుట ఉన్న దృశ్యముమీద లేనిదానిని అతికించి చూపుట ఆగ్మెంటెడ్ రియాలిటీ. 2016లో పిల్లలు వీధులలో ఫోనులు పట్టుకొని తిరిగిన పోకేమాన్ గో ఆట ఇట్టిదే. 2017లో ఐకియా అను సామానుల కంపెనీ, కుర్చీని కొనకముందే మన గదిలో పెట్టినట్లు ఫోనులో చూపినది. కళ్ళకు పెట్టెవంటి అద్దములు కట్టుకొని వేరొక లోకములో ఉన్నట్లు చూచుట వర్చువల్ రియాలిటీ. 2022 అక్టోబరు 1న ఢిల్లీలో ప్రధానమంత్రి 5జిని ప్రారంభించిననాడు, పిల్లలకు పాఠములు చెప్పుటకు ఈ విద్యలనే చూపిరి.

దీనికి వేగమెందుకు? కుర్చీ కదలదు, చీర కదలును. కుచ్చెళ్ళు, పైట, నడకతోపాటు మారు మడతలు, వీటన్నిటిని లెక్కకట్టుట చిన్న ఫోనుకు భారము. లెక్కను దూరముననున్న పెద్ద యంత్రము చేసి బొమ్మను తిరిగి పంపవలసి వచ్చును. తల త్రిప్పిన పిమ్మట సుమారు 20 మిల్లీ సెకండ్లలోగా బొమ్మ కూడ తిరుగకున్న కళ్ళజోడు కట్టినవారికి తల తిరుగునని ఈ విద్య తెలిసినవారు చెప్పుదురు. మిల్లీ సెకండనగా సెకండులో వెయ్యవ వంతు. 5జికి అంతర్జాతీయ టెలికాం సంఘము 2017లో పెట్టిన కొలత ప్రకారము, సామాన్యపు వాడకములో గాలిలో జరుగు ఆలస్యము 4 మిల్లీ సెకండ్లకు మించరాదు. అయితే గాలి దాటినంతమాత్రమున ప్రయాణము ముగియదు. గాజుతీగలో వెలుగు ఒక మిల్లీ సెకండుకు సుమారు 200 కిలోమీటర్లు పోవును. లెక్కచేయు యంత్రము ఎక్కడో దూరపు నగరములో ఉన్నచో, స్తంభము మన పెరటిలో ఉన్నను బొమ్మ ఆలస్యముగనే వచ్చును.

ఇంతవరకు చెప్పినది కొనువాని సంగతి. మన సంగతి వేరు. కొనువానికి బొమ్మ దిగవలెను, మనకు బొమ్మ ఎక్కవలెను. పైని చెప్పిన కొలతలోనే, జనసమ్మర్దముగల పట్టణములలో వాడుకవానికి అందవలసినది దిగుటకు సెకండుకు 100 మెగాబిట్లు, ఎక్కుటకు 50 మాత్రమే. వాడుకలో ఈ తేడా ఇంకను హెచ్చు. ఒకే బాటను దిగుటకు, ఎక్కుటకు వంతులు వేసి వాడునపుడు పెద్ద వంతు దిగుటకే ఇచ్చుచున్నారు, ఏలయనగా జనులలో చూచువారే ఎక్కువ. ప్రకటనలలో పెద్ద అక్షరములతో వేయునది దిగు వేగమే. మా దరియాలతిప్పలో గోదావరి గట్టున నిలబడి ఫోనులో సినిమా చూడవచ్చును. అదే గట్టున ఒక జరీ చీరను మడత విప్పి వీడియోలో చూపబోవగా, పైట వద్దకు వచ్చుసరికి బొమ్మ బిగుసుకొనిపోయి, "సెక్రటరీ గారూ, ఏమీ కనబడటం లేదండీ" అని అవతలివారు పెట్టివేసిన దినములు మాకు అనేకము. కనుక మనము అడుగవలసినది ఎక్కు వేగము. మీ సంఘపు మగ్గముల దగ్గర నిలబడి అది ఎంత వచ్చుచున్నదో పరీక్షించి, ఆ అంకెలతో అర్జీ పెట్టుకొనుడు. "నెట్టు లేదు" అను అర్జీకంటె అంకెలున్న అర్జీకి బలమెక్కువ.

ఇక అసలు ప్రశ్నకు వత్తుము. రేపు వేగము పూర్తిగా వచ్చినదనుకొందము. అప్పుడు ఫోనులో కనబడు చీర చేనేతదా, మరమగ్గముదా, అచ్చు వేసినదా అను తేడా ఎవరికి తెలియును? వేగము మంచి బొమ్మకును కల్లబొమ్మకును ఒకే తీరున దారి ఇచ్చును. కాకినాడకు ఆవలనున్న ఉప్పాడ జాందానీని తీసుకొనుడు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన చీర అది. బుటాను చేతితో పేకలోనే ఇమిడ్చి నేయుదురు, ముందువైపు వెనుకవైపు ఒకే తీరుగ ఉండును. అచ్చు చీర వెనుక వెలవెలబోవును. యంత్రపు చీర వెనుక కత్తిరించిన దారపు పోగులు కనబడును. చీరను తిరగవేసి చూచిన పల్లెటూరి ముత్తైదువను సయితము మోసగింపజాలరు. కాని ఏ యాప్‌లోను వెనుకవైపు చూపుట మేము చూడలేదు. చీరలు మొదలగు 11 రకములను చేనేతకు కేటాయించిన 1985 నాటి చట్టమున్నది. 2006లో వచ్చిన చేనేత మార్కు ఉన్నది. ఆ చట్టము, ఆ మార్కు గుడ్డను కాపాడవచ్చును గాని, గాలిలో కనబడు గుడ్డబొమ్మను ఎట్లు కాపాడును?

మన ప్రాంతమునకు ఇది క్రొత్త కథ కాదు. 18వ శతాబ్దములో ఇంగ్లీషు కంపెనీవారు మన ప్రక్కనున్న ఇంజరములోను, నర్సాపురమువద్ద మాధవాయపాలెములోను వర్తకశాలలు నడపిరి. నేతవారికి బయానా ఇచ్చి, వచ్చిన గుడ్డను తమ వద్దనున్న నమూనాతో పోల్చి తరగతి కట్టెడివారు. నమూనా ఎవరి చేతిలో ఉన్నదో ధరయు వారి చేతిలోనే ఉండెను. నేటి చీర బొమ్మ నాటి నమూనాగుడ్డ వంటిది. దానిని వట్టిగా పరుల చేతిలో పెట్టినచో, రేపు మన చీరకు మన బొమ్మయే పోటీ వచ్చును.

కావున పెద్దల మాటయు, కుర్రవారి మాటయు మాకు పూర్తిగా సమ్మతము కాదు. తలుపు మూసికొని కూర్చున్నచో కొనువారు వేరొక తలుపు తట్టుదురు. అడిగినవారికెల్ల ఫోటోలు పంపినచో ఇల్లు గుల్లయగును. మేము కోరునది నాలుగు సంగతులు.

ఒకటి: ప్రతి సంఘము తన చీరల బొమ్మలను తానే పగటి వెలుతురులో తీయవలెను. ముందువైపు, వెనుకవైపు, మగ్గముమీద నేయుచున్న దృశ్యము, మూడును కలిపియే ఇవ్వవలెను.

రెండు: బొమ్మ ఇచ్చునపుడు కాగితముపై షరతు వ్రాయించుకొనవలెను. ఆ బొమ్మ ఆ సంఘపు చీరను అమ్ముటకే గాని మరి దేనికిని వాడరాదు. సరుకు తీసుకొననిచో బొమ్మను తీసివేయవలెను.

మూడు: ఒక్కొక్క సంఘమువల్ల ఇది కాదు. నాలుగైదు సంఘములు కలసి ఒక మంచి కెమెరాను, చదువుకొన్న ఒక నేతబిడ్డను పెట్టుకొన్నచో ఆ బిడ్డకు ఊరిలోనే జీతము దొరకును, మనకు బొమ్మలు మన చేతిలో ఉండును.

నాలుగు: కళ్ళజోళ్ళు, ఖరీదైన యాప్‌లు అమ్మజూపువారికి ఇప్పుడే బయానా ఇయ్యవలదు. ఆ డబ్బుతో నూలు కొనుడు.

చేయి తాకి చూచు మెత్తదనమును ఏ వేగమును పంపజాలదు. అది మన బలము. అయితే కొనువాని చేయి చీరదాక రావలెనన్న ముందు కన్ను రావలెను, ఆ కంటికి చూపువారము మనమే కావలెను. మా సంఘము ఉగాదినుండి వెనుకవైపు చూపని ఏ బొమ్మను బయటికి పంపరాదని తీర్మానించినది. ఇతర సంఘములవారు తమ అనుభవములను ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన.