బడి బాగుకు నలుగురి తోడు

పిల్లవాణ్ణి బడిలో చేర్పించిన రోజుతోనే తమ బాధ్యత తీరిపోయిందని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. పాఠం చెప్పడంతోనే తమ పని ముగిసిందని కొందరు ఉపాధ్యాయులు అనుకుంటారు. ఇద్దరూ పిల్లవాడి మేలు కోరేవారే. అయినా ఇద్దరి నడుమ మాట లేకపోతే నష్టపోయేది ఆ పిల్లవాడే. ఇంటిలో అతడు పడే ఇబ్బంది బడికి తెలియదు. బడిలో అతడు వెనుకబడిన సంగతి ఇంటికి తెలియదు. ఈ లోటును తీర్చడానికి ఏర్పడినవే తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘాలు.

కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని టేకల్ వంటి ఊళ్ళలో ఇటువంటి సంఘం అవసరం మరింత ఎక్కువ. బెంగళూరు నుండి బంగారుపేటకు పోయే రైలు మార్గంలో, బండరాళ్ళ కొండల నడుమ ఉన్న ఊరు అది. రాతిపని, వ్యవసాయం, పాడి ఆ ప్రాంతంలో చాలామందికి జీవనాధారాలు. కూలికి పోయే తండ్రి తెల్లవారగానే బయలుదేరుతాడు. అతడు తిరిగి వచ్చే వేళకు బడికి తాళం పడి ఉంటుంది. పైగా ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళలో మాట్లాడే భాష తెలుగు. కార్యాలయాల్లో నడిచే భాష కన్నడం. ఇంటిలో గలగలా మాట్లాడే తల్లి, సభలో ఎవరైనా పుస్తక భాషలో మాట్లాడగానే నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఆమెకు చెప్పవలసింది లేక కాదు, చెప్పడానికి చొరవ చాలక.

బడి వ్యవహారాల్లో తల్లిదండ్రులకు పాలు ఉండాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1897లో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఆలిస్ మెక్లెల్లన్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు మహిళలు తల్లుల మహాసభను ఏర్పాటు చేశారు. తరువాతి కాలంలో ఉపాధ్యాయులు కూడా చేరగా అది దేశవ్యాప్త సంఘంగా పెరిగింది. మన కర్ణాటకలో, శాస్త్రవేత్త రాజా రామణ్ణ అధ్యక్షతన పనిచేసిన విద్యా కార్యదళం సూచనలను అనుసరించి, 2001లో ప్రభుత్వ పాఠశాలలకు శాలాభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇటువంటి సమితులకు దేశమంతటా చట్టబలం కల్పించింది. సమితి సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలనీ, సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలనీ ఆ చట్టం చెబుతున్నది. అల్పసంఖ్యాకులు స్థాపించి నడిపే పాఠశాలల్లో మాత్రం సమితి సలహా చెప్పడానికే పరిమితమని 2012లో చట్టాన్ని సవరించారు.

అయితే చట్టం సమితిని ఇవ్వగలదు గాని, కలసిమెలసి పనిచేసే మనసును ఇవ్వలేదు. కాగితం మీద పేర్లుండి, సభకు ఎవరూ రాకపోతే ఆ సమితి ఉండీ లేనట్టే. తల్లిదండ్రులందరూ చేరే సంఘం పునాది వంటిది. సమితి దాని మీద లేచే గోడ వంటిది. పునాది లేని గోడ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

సంఘం అనగానే ముందుగా వచ్చే ప్రశ్న డబ్బు. 2022 అక్టోబరులో కర్ణాటక విద్యాశాఖ ఒక ఉత్తరువు వెలువరించింది. తాగునీరు, విద్యుత్తు బిల్లు వంటి ఖర్చుల కోసం ప్రభుత్వ పాఠశాలల సమితులు తల్లిదండ్రుల నుండి నెలకు 100 రూపాయల చొప్పున విరాళం తీసుకోవచ్చునని అందులో ఉంది. ఇష్టమున్నవారే ఇవ్వవచ్చునన్నా విమర్శలు చెలరేగాయి. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం ఆ ఉత్తరువును వెనక్కు తీసుకున్నది.

ఆ విమర్శలో న్యాయం ఉంది. ఇద్దరు పిల్లలున్న కూలి కుటుంబానికి నెలకు 200 రూపాయలు చిన్న మొత్తం కాదు. ఇష్టపూర్వకమని పైకి అన్నా, ఇవ్వనివారి పేరు నలుగురిలో వినబడితే అది బలవంతమే అవుతుంది. నీళ్ళు, కరెంటు, ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వం సమకూర్చవలసినవి. ఆ భారాన్ని పేదవారి మీద మోపడం తగదు. అయినా మరొక మాట కూడా ఉంది. పగిలిన కుళాయి, విరిగిన తలుపు, గ్రంథాలయానికి నాలుగు పుస్తకాలు - ఇటువంటి చిన్న అవసరాలకు ప్రతిసారీ పైనుండి నిధులు వచ్చేదాకా ఎదురుచూస్తే ఏడాది గడిచిపోతుంది. అందువల్ల విరాళమే వద్దనడం సరికాదు. విరాళం రుసుముగా మారకుండా చూసుకోవడమే ముఖ్యం.

ఇందుకు దారి ఎక్కడో వెదకనక్కరలేదు. కోలారు సీమ పాడికి, పట్టుకు పేరు పొందింది. అక్కడి పల్లెల్లో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలున్నాయి. ఒకరు ఒక లీటరు పోస్తారు, మరొకరు పది లీటర్లు పోస్తారు. ఎవరి పాలు ఎంతో అందరి ఎదుటనే కొలిచి రాస్తారు. ఒక్క ఆవు ఉన్నవారికైనా, పది ఆవులున్నవారికైనా సంఘంలో ఓటు ఒక్కటే. ఆ సంఘాలు నిలిచింది ఈ రెండు నియమాల మీదనే: లెక్క దాపరికం లేకుండా ఉండాలి, మాటకు విలువ అందరికీ సమానంగా ఉండాలి. పాలకు పనికివచ్చిన నీతి బడికి పనికిరాదా?

కనుక కొత్తగా సంఘం పెట్టదలచినవారు డబ్బుతో మొదలుపెట్టకూడదు, సభతో మొదలుపెట్టాలి. కూలికి పోయినవారు తిరిగి వచ్చాక, సాయంకాలం పాలు పోసి వచ్చాక అందరికీ వీలయ్యే వేళలో సభ జరగాలి. ఎవరికి వచ్చిన భాషలో వారు మాట్లాడే వీలుండాలి. తెలుగులో చెప్పినది కన్నడంలోను, కన్నడంలో చెప్పినది తెలుగులోను వివరించేవారు ఒకరుండాలి. మొదట ఒక చిన్న పనిని ఎన్నుకొని పూర్తిచేయాలి. పని కళ్ళకు కనబడితే నమ్మకం దానంతట అదే కలుగుతుంది.

ఆ తరువాత విరాళం. డబ్బున్నవారు డబ్బు ఇస్తారు. రాతిపనివారు ఒక పూట శ్రమ ఇచ్చి మెట్టు కట్టవచ్చు. రైతు మొక్కలు నాటవచ్చు. కథలు తెలిసిన అవ్వ వారానికొక కథ చెప్పవచ్చు. ఇవన్నీ విరాళాలే. వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. జమాఖర్చులను నెలనెలా అందరికీ కనబడేటట్లు గోడకు అంటించాలి. ఎవరెంత ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో తరగతిలో ఏ పిల్లవాడి చెవినా పడకూడదు. ప్రభుత్వం చేయవలసిన పనులను మాత్రం అర్జీ రూపంలో రాసి, సంతకాలు చేసి, అధికారులకు పంపాలి. ఒక్కడు అడిగితే మనవి. ఊరంతా అడిగితే హక్కు.

తల్లిదండ్రులు చేరితే బోధనలో తలదూరుస్తారని కొందరు ఉపాధ్యాయులు వెనుకాడతారు. ఆ జంకు అర్థం చేసుకోదగినదే. పాఠం ఎలా చెప్పాలన్నది ఉపాధ్యాయుని విద్య. పిల్లవాడు ఎందుకు రాలేదో, ఎందుకు చదవలేకపోతున్నాడో చెప్పగలిగేది తల్లి. ఎవరి హద్దు వారెరిగి ఎదురెదురుగా కూర్చుంటే తగవుకు తావుండదు.

ఇందులో విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. బడి నుండి వచ్చిన సభా ప్రకటనను అక్షరం రాని తల్లికి చదివి వినిపించేది వారే; ఆమెను చేయి పట్టి సభకు తీసుకురాగలిగేదీ వారే. సభకు వచ్చిన ఆ తల్లి చేతిలో పైసా లేకపోయినా సంఘానికి లోటు లేదు. ఆమె రాకపోతేనే లోటు.