అల్గారిదం చాటున యజమాని

చైనాలో లైవ్‌స్ట్రీమర్లను నడిపే ఏజెన్సీని ‘గోంగ్‌హుయ్’ అంటారు. కార్మిక సంఘాన్నీ అలాగే పలుకుతారు, రాసే అక్షరాలే వేరు. ఇంతకంటే చేదు జోకు ఉంటుందా?

రోజుకి ఎన్ని గంటలు కెమెరా ముందుండాలో, గిఫ్టులు పంపేవాళ్లతో ఎలా మాట్లాడాలో ఏజెన్సీయే చెప్తుంది. ఎందుకంటే, ‘అల్గారిదం అలా అడుగుతోంది’. కాంట్రాక్టులో మాత్రం ఇది ఉద్యోగం కాదట, ‘సహకారం’. సహకారమైతే ఇష్టం లేనప్పుడు వెళ్లిపోవచ్చు కదా? గడువు తీరకముందే ప్లాట్‌ఫామ్ మారిన ఒక గేమ్ స్ట్రీమర్ 26 లక్షల యువాన్లు కట్టాలన్న తీర్పుని 2022లో అక్కడి సుప్రీంకోర్టు మార్గదర్శక కేసుగా ప్రకటించింది.

కోడ్ రాసేవాడిగా చెప్తున్నా: ర్యాంకింగ్ సూత్రం ఎవరికీ డ్యూటీ వెయ్యదు. దేనికెంత వెయిటేజీ ఇవ్వాలో తేల్చేది మనుషులే, దాన్ని చూపించి గంటలు లెక్కేసేదీ మనుషులే. గంటలు లెక్కేసేవాణ్ణి మన భాషలో యజమాని అంటారు. ఆ పేరుతోనే పిలుద్దాం.