ధరించే తీరులోనూ వీరగాథే
శౌర్య పతకాల ఎంపికలో కొలమానం ప్రాణత్యాగం ఒక్కటే కాదు

సూర్యాపేట: సూర్యాపేట ముద్దుబిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబుకు మరణానంతరం లభించిన మహావీర చక్రను 2021 నవంబరు 23న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆయన భార్య, తల్లి అందుకున్నారు. అదే ఏడాది గణతంత్ర దినోత్సవ వేళ పురస్కారం ప్రకటించినప్పుడు ఆయన తండ్రి తమకు పూర్తి సంతృప్తి కలగలేదనీ, పరమవీర చక్ర వస్తుందని ఆశించామనీ బహిరంగంగానే చెప్పారు. ప్రాణాన్నే అర్పించినప్పుడు పతకాల్లో ఈ హెచ్చుతగ్గులేమిటన్నది నాటి నుంచి ఎందరికో కలిగిన సందేహం. దీనికి సమాధానం పతకాల నిబంధనల్లోనే ఉంది.

రెండు వరుసలు

దేశంలో శౌర్య పురస్కారాలు రెండు వరుసలు. శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఇస్తారు. వీటిని 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. శత్రువుతో ముఖాముఖి పోరు కాని సందర్భాల్లోని సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. 1952లో అశోక చక్ర పేరుతోనే మూడు తరగతులుగా వచ్చిన ఈ పతకాలకు 1967లో ఇప్పటి పేర్లు పెట్టారు. రెండో వరుసకు పోలీసులు, సాధారణ పౌరులు కూడా అర్హులే.

యుద్ధం ప్రకటించారా లేదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తుపాకులు పేలలేదు, యుద్ధ ప్రకటనా లేదు. అయినా చైనా సైన్యంతో జరిగిన ఆ ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారిగా ముందుండి పోరాడిన సంతోష్‌బాబుకు మహావీర చక్రను, మరో ఐదుగురికి వీర చక్రను ప్రకటించడమంటే ఆ రాత్రి జరిగింది శత్రువు ఎదుట సాగిన పోరేనని ప్రభుత్వం అంగీకరించడమే.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన మేజర్ మల్ల రామగోపాల్ నాయుడి విషయం ఇందుకు భిన్నం. కశ్మీర్‌లోని కుప్వారా జిల్లాలో 2023 అక్టోబరులో చొరబాటుదారులైన ఉగ్రవాదులను ఎదుర్కొన్నందుకు 2024 స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా ఆయనకు కీర్తి చక్ర ప్రకటించారు. రెండో వరుసలో ద్వితీయ స్థానం దానిది. మొదటి వరుసలో మహావీర చక్రదీ అదే స్థానం. ఈ ఇద్దరి పతకాల పేర్లు వేరు కావడానికి కారణం ఎదుట నిలిచింది ఎవరన్నదే తప్ప ధైర్యంలో తేడా కాదు.

వడపోత ఇలా

ఒకే వరుసలోని పతకాల మధ్య తేడాను నిర్ణయించేది సాహస తీవ్రత. యూనిట్ అధికారి రాసే ప్రశంసా పత్రంతో ప్రక్రియ మొదలవుతుంది. అది పై కార్యాలయాలను దాటి సైనిక ప్రధాన కార్యాలయానికి, ఆపై రక్షణ శాఖకు చేరుతుంది. చివరిగా రాష్ట్రపతి ఆమోదిస్తారు. ఏటా రెండుసార్లు, గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాలకు జాబితా వెలువడుతుంది. పరమవీర చక్ర ఇప్పటి వరకు 21 మందికే దక్కింది. వారిలో 14 మందికి మరణానంతరమే లభించింది. 1999 కార్గిల్ పోరు తర్వాత జరిగిన ఘటనలకు అది ఎవరికీ రాలేదు. కార్గిల్‌లోనే ప్రాణాలర్పించిన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్యకు లభించిందీ మహావీర చక్రే. ఈ లెక్కన చూస్తే సూర్యాపేటకు దక్కిన గౌరవం చిన్నదేమీ కాదు. అయితే ఆ తండ్రి ఆవేదనను తప్పుపట్టడానికీ లేదు. నిబంధనలు సాహసాన్ని తూచగలవు కానీ కన్నవారి కోతను తూచలేవు.

రిబ్బను చెప్పే కథ

పతకాలను ఎడమ ఛాతీపై ధరించాలి. ఉన్నత పురస్కారం ఛాతీ మధ్యకు దగ్గరగా, మిగిలినవి స్థాయిని బట్టి ఎడమ భుజం వైపు వరుసగా ఉంటాయి. కవాతులు, ఉత్సవాల్లో పూర్తి పతకాలు ధరిస్తారు. రోజువారీ యూనిఫాంపై రిబ్బను పట్టీలే కనిపిస్తాయి. పరమవీర చక్ర కంచుది, రిబ్బను ఊదా రంగు. వెండి మహావీర చక్ర రిబ్బను సగం తెలుపు, సగం నారింజ. నారింజ భాగం ఎడమ భుజం వైపు ఉండాలి. అశోక చక్ర ముదురు ఆకుపచ్చ రిబ్బనుపై ఒక నారింజ గీత ఉంటే, కీర్తి చక్రకు రెండు, శౌర్య చక్రకు మూడు ఉంటాయి. అదే పురస్కారం రెండోసారి వస్తే మరో పతకం ఇవ్వరు. రిబ్బనుపై ‘బార్’ చేరుస్తారు.

అమరుల పతకాలను యుద్ధ స్మారకాల వద్ద నివాళుల వంటి సందర్భాల్లో కుటుంబ సభ్యులు ధరించవచ్చు. అయితే కుడి ఛాతీపైనే. పతకం ఎడమవైపు ఉంటే అది సాధించిన వ్యక్తిదనీ, కుడివైపు ఉంటే దూరమైన మనిషిదనీ చూడగానే తెలుస్తుంది.

భృతిపై అవగాహన అవసరం

శౌర్య పతకాలకు నెలవారీ భృతి ఉంది. 2017 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం పరమవీర చక్రకు రూ.20,000, అశోక చక్రకు రూ.12,000, మహావీర చక్రకు రూ.10,000, కీర్తి చక్రకు రూ.9,000, వీర చక్రకు రూ.7,000, శౌర్య చక్రకు రూ.6,000గా నిర్ణయించారు. గ్రహీత అనంతరం ఇది భార్యకు అందుతుంది. అవివాహితుడికి మరణానంతరం పురస్కారం లభిస్తే తల్లిదండ్రులకు చెందుతుంది.

ఒకప్పుడు వీరపత్ని పునర్వివాహం చేసుకుంటే ఈ భృతి నిలిచిపోయేది. 1995లో భర్త సోదరుడిని పెళ్లాడిన వారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. స్త్రీ వ్యక్తిగత నిర్ణయానికి సంకెల వేసిన ఈ షరతును రక్షణ శాఖ 2017 నవంబరులో తొలగించింది. పాత నిబంధనే ఇంకా ఉందనుకుని ఏ కుటుంబమూ తన హక్కును వదులుకోకూడదు. వీరుల విగ్రహాలకు ఏటా పూలమాలలు వేయడంతోనే సమాజం బాధ్యత తీరిపోదు. వారి ఇళ్లకు అందాల్సినవి అందుతున్నాయో లేదో చూడటమూ అందులో భాగమే.