గజాల లెక్కన పల్లె

ఉప్పల్ చౌరస్తా నుండి వరంగల్ మార్గం పట్టిన వారికి ఆకాశం కంటె ముందుగా కంటబడేవి స్థిరాస్తి ప్రకటనల ఫలకాలు. పచ్చని పొలం, నడుమ తెల్లని ఇల్లు, ఇంటి ముందు ఊయలలో నవ్వుతున్న వృద్ధ దంపతులు. కొండగాలి, కోయిలపాట, సేంద్రియ కూరగాయలు, వారాంతపు విశ్రాంతి, అన్నీ గజానికి ఇంత అని వెలకట్టి ఉన్నాయి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, యాదగిరిగుట్ట దాకా ఇదే వరుస. 2022 మార్చిలో గుట్ట మీద ఆలయం పునఃప్రారంభమైన నాటి నుండి ఈ ఫలకాలకు దైవసాన్నిధ్యం కూడా ఒక అలంకారమయింది. (ఉప్పల్ నుండి నారపల్లి వరకు 2018లో తలపెట్టిన పైవంతెన ఏళ్ళ తరబడి స్తంభాలుగానే నిలిచిపోయిందనీ, ఆ దుమ్మంతా పీల్చిన తరువాతనే కొండగాలి అందుతుందనీ ఏ ఫలకం మీదా వ్రాయరు.) పదవీ విరమణ సొమ్ము చేతికందిన ఉపాధ్యాయుల ఇళ్ళను ఈ కరపత్రాలు వెతుక్కుంటూ వస్తాయి. ధర సంగతి కొనేవారు చూసుకుంటారు. నా తగవు అందులోని వర్ణనతో.

ఓరుగల్లు ప్రభువును ఆశ్రయించిన విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో మహాకావ్యానికి పద్ధెనిమిది వర్ణనలు చెప్పాడు. నగరం, సముద్రం, శైలం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, మధుపానం, ద్యూతం ఇత్యాదులు. నేటి వెంచరు కరపత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పచ్చిక పరచిన తోట ఉద్యానం. స్విమ్మింగ్ పూల్ జలక్రీడ. క్లబ్ హౌస్‌లో మధుపాన ద్యూతాలకు వేరువేరు గదులు. ప్రభువు విలాసానికి పనికివచ్చేవన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. గ్రామం లేదు, కృషి లేదు. కరపత్రం వ్రాసినవాడు అలంకారశాస్త్రం చదివి ఉండడు గాని సంప్రదాయాన్ని మాత్రం తు.చ. తప్పక పాటించాడు! అట్లాగని మన కవులందరినీ ఒక గాటన కట్టను. ఆముక్తమాల్యదలో రాయలవారు వానాకాలాన్ని వర్ణిస్తూ తడిసిన వంటచెరకుతో పొయ్యి రాజేయలేక అవస్థపడే ఇల్లాలిని చూశారు. చక్రవర్తికి కనబడిన ఆ పొగ, వారాంతపు కాపురస్థునికి ఎందుకు కనబడదు?

ఇంతకూ ఈ ఫలకాలు పాతిన నేల ఏది? దస్తావేజులలో ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖల్సా, ఉప్పల్ భగాయత్ అని వ్రాస్తారు. కలాన్ అంటే పెద్దది. ఖల్సా అంటే జాగీర్దారుకు గాక నేరుగా సర్కారుకే శిస్తు చెల్లే భూమి. భగాయత్ అంటే తోట భూమి. మూసీ ఒడ్డున ఆ భూముల్లో కూరగాయలు, ఆకుకూరలు పండేవి. నదిలో మురుగు పెరిగిన కొద్దీ పశుగ్రాసం గడ్డి మిగిలింది. ఆనాటి హుడా ఆ భూములను రైతుల నుండి సేకరించింది. కొంత మెట్రో డిపోకు పోయింది. లేఅవుటు చేసిన దానిలో ప్లాట్లను 2019లో హెచ్.ఎం.డి.ఎ. వేలం వేసింది. తోట అన్న మాట పేరులో మాత్రం ఉంది. చర్లపల్లి, చెంగిచర్ల అన్న పేర్లలో పలికేది చెరువే. రామంతాపూర్‌కు చిన్నచెరువు, పెద్దచెరువు, ఉప్పల్‌కు నల్లచెరువు, నాచారానికి పెద్దచెరువు, దాని చుట్టుపట్ల పారిశ్రామికవాడ. నేడు యాభై కిలోమీటర్ల అవతల అమ్ముతున్న దృశ్యమంతా ఒకనాడు ఇక్కడే ఉండేది. ముందు తోట, తరువాత ప్లాటు, ఆ తరువాత మురుగు. రేపు ఆలేరు వైపు జరగబోయేది వేరుగా ఉంటుందని నమ్మడానికి ఆధారమేమిటి?

నలభై గుంటలు ఒక ఎకరం. గుంటకు 121 గజాలు. రెండు గుంటల లెక్కన కోస్తే ఎకరానికి ఇరవై 'వ్యవసాయ క్షేత్రాలు'. ఒక్కొక్కదాని చుట్టూ కంచె, పది శ్రీగంధం మొక్కలు, మూడు మామిడి అంట్లు, నెలకొకసారి యజమాని దర్శనం. వరి, కంది, కూరగాయలు పండిన నేల ఫొటోలకు వెనుక తెర అవుతుంది. ఆ ఎకరాన్ని కౌలుకు చేసుకున్నవాని పేరు అమ్మకం కాగితంలో ఎక్కడా ఉండదు. అదృష్టం బాగుంటే అతడు అదే గేటు దగ్గర కాపలాదారు అవుతాడు. పల్లెను ప్రేమించి పల్లెకు పోయామని చెప్పుకొనేవారు ఆ ఊరి బడిలో తమ మనుమలను చేర్పిస్తారా? ఆ ఊరి బోరునీరు త్రాగుతారా? ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా కారు డిక్కీలో పెట్టుకొని పోయేవారిని నేనెరుగుదును.

మూసీ సంగతి ఇంకా విచిత్రం. అనంతగిరి కొండల్లో పుట్టి, 240 కిలోమీటర్లు పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే నది ఇది. పుట్టిన చోట దాని పేర రిసార్టులు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధికేంద్రమూ, నాగోలులో మరొకటీ ఉన్నా, పట్నపు మురుగు శుద్ధి కానిది కూడా కలిసి ప్రతాపసింగారం, కొర్రెముల వైపు పోతూనే వచ్చింది. ఆ నీటిలో నాట్లు వేసే స్త్రీలకు కాళ్ళూ చేతులూ దురదలెక్కి పాసిపోతాయి. మన స్నానాల గదుల నీరు వారి పొలానికి పంపి, వారి పొలం మీది గాలిని మనం కొనుక్కోబోతున్నాము.

పిల్లాయిపల్లి కాలువ పారే పోచంపల్లి సంగతి చూడండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానమిచ్చిన ఊరు అది. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో దానిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో చేర్చింది. అక్కడికి పోయినవారు మగ్గం చూస్తారు, నేతగానితో మాట్లాడతారు, చీర కొంటారు, తిరిగి వస్తారు. ఊరు ఊరిగా ఉంటుంది, నేసినవానికి పైకం ముడుతుంది. విహారమంటే ఇట్లా ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

మంచి గాలి కోరుకోవడం తప్పా అని మిత్రులు అడుగుతారు. కాదు. ఆ కోరిక ఉప్పల్, నాచారాల్లో రెండు గదుల అద్దె ఇళ్ళలో ఉన్నవారికీ ఉంది. వారికి రెండు గుంటలు కొనే స్తోమత లేదు. అంబర్‌పేటలో చెత్తతో పూడిపోయిన బతుకమ్మకుంటను 2024లో ఏర్పడిన హైడ్రా త్రవ్వించగా, 2025 సెప్టెంబరులో అది మళ్ళీ నీటితో జనం ముందుకు వచ్చింది. అక్కడ గట్టు మీద కూర్చోవడానికి ఎవరూ గజం ధర అడగరు. మన నల్లచెరువు హద్దురాళ్ళు ఎక్కడున్నాయి? పూర్తి నీటిమట్టపు గీత ఎవరి ప్రహరీ క్రిందుగా పోతున్నది? నాచారం పెద్దచెరువులోకి ఏ ఏ కాలువల మురుగు దిగుతున్నది? ఈ మూడు ప్రశ్నలతో వినతిపత్రం వ్రాసిపెట్టే పని నాది. సంతకాలు మాత్రం మీరు తేవాలి. అందునా, ఫలకం మీది ఊయల చూసి ముచ్చటపడినవారి సంతకాలు ముందుగా.