సూచన సరే.. పర్యవసానం చూపేదెవరు?

నోయిడా, గురుగ్రామ్ ఐటీ కార్యాలయాల్లో ప్రోగ్రామర్ నాలుగు అక్షరాలు టైపు చేస్తే, మిగతా లైన్లను ఎడిటరే చూపిస్తోంది. ట్యాబ్ కీ నొక్కితే అవి కోడ్‌లో చేరిపోతాయి. 2022 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఇలాంటి సాధనాలు వేగంగా పెరిగాయి. అయితే ఆ సూచన వల్ల ప్రోగ్రాంలో ఇంకెక్కడ ఏం మారుతుందో చాలాసార్లు తెరపై కనిపించదు.

చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. మొత్తాన్ని రూపాయల్లో ఇచ్చే ఫంక్షన్‌ను పైసల్లో ఇచ్చేలా మార్చమని ఎడిటర్ సూచించిందనుకుందాం. ఆ ఫైలు వరకు మార్పు సవ్యమే. పాత లెక్కనే నమ్ముకున్న రిఫండ్ విభాగం మాత్రం వంద రూపాయలకు బదులు పదివేలు చెల్లిస్తుంది. రెండూ అంకెలే కాబట్టి కంపైలర్ అభ్యంతరం చెప్పదు.

న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో భద్రతతో ముడిపడిన 89 సందర్భాలిచ్చి కోపైలట్ చేత 1,689 ప్రోగ్రాములు రాయించారు. దాదాపు 40 శాతంలో లోపాలు బయటపడ్డాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల 2022 అధ్యయనంలో ఏఐ సాయం తీసుకున్నవారు తక్కువ సురక్షితమైన కోడ్ రాశారు. పైగా అది సురక్షితమేనని మిగతావారికంటే ఎక్కువగా నమ్మారు. అసలు చిక్కు ఈ నమ్మకంతోనే.

తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం మనుషులే. సైబర్ ఘటనను గమనించిన 6 గంటల్లో తెలపాలని ఢిల్లీలోని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని 2023 నాటి చట్టం చెబుతోంది. చట్టం సంస్థను నిలదీస్తుంది, సంస్థ ప్రోగ్రామర్‌ను నిలదీస్తుంది. సూచన ఇచ్చిన యంత్రం ఆ వరుసలోనే ఉండదు.

పరిష్కారానికి కావాల్సిన సాధనాలు కొత్తవేమీ కావు. ఒక ఫంక్షన్‌ను ఎక్కడెక్కడ వాడుతున్నారో చూపే సదుపాయం, మార్పుకు ముందూ వెనకా పోల్చే తెర, ఆటోమేటిక్ పరీక్షలు ఇప్పటికే ఉన్నాయి. వాటి ఫలితం ట్యాబ్ నొక్కకముందే సూచన పక్కన కనిపించాలి. ఎన్ని ఫైళ్లపై ప్రభావం, ఏ పరీక్ష తప్పుతోంది, డబ్బు లేదా వ్యక్తిగత డేటా జోలికి వెళ్తోందా అన్నవి చెబితే చాలు. ప్రతి చిన్న లైనుకూ హెచ్చరిస్తే ఎవరూ చదవరు.

ఎడిటర్ ఒక్కటే అన్నీ పట్టుకోలేదు. రూపాయలను, పైసలను వేర్వేరు రకాలుగా ముందే ప్రకటిస్తేనే కంపైలర్ ఆ తేడాను గుర్తిస్తుంది. పరీక్షలు రాస్తేనే అవి తప్పుతాయి. ఏఐతో ఆదా అయిన గంటలను లెక్కేసుకుంటున్న సంస్థలు అందులో కొన్నింటిని ఈ పనికి కేటాయించకపోతే, ఆదా చేసిన సమయం రేపు ఆ 6 గంటల గడువులో ఉరుకులు పరుగులకే ఖర్చవుతుంది.