అడిగిన పేజీకి ఏ మూస?

పిల్లలూ! మాచర్ల దగ్గర ఉన్న ఎత్తిపోతల జలపాతాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తునుంచి కిందికి దూకుతాయి. కింద మడుగులో మొసళ్లుంటాయి.

మీ బడిపిల్లలంతా కలిసి ఎత్తిపోతలను గురించి ఒక వెబ్‌సైటు తయారు చేశారనుకోండి. ఒక పేజీలో జలపాతం బొమ్మలు. ఒక పేజీలో అక్కడికి వెళ్లే దారి. ఇంకొక పేజీలో, "మొసళ్లున్నాయి, మడుగులో దిగవద్దు!" అనే హెచ్చరిక. ఈ మూడో పేజీ మాత్రం ఎర్రని పెద్ద అక్షరాలతో కనబడాలి. ఏ పేజీని ఏ రూపంలో చూపాలో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?

వర్డ్‌ప్రెస్ అనే సాధనం ఉన్నది. అమెరికాలోని మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండులోని మైక్ లిటిల్ కలిసి 2003లో దీన్ని విడుదల చేశారు. నేడు లోకంలో ఎన్నో వెబ్‌సైట్లు దీనిమీదనే నడుస్తున్నాయి. ఇందులో రాత ఒకచోట, రూపం ఇంకొకచోట ఉంటాయి. మీరు రాసిన మాటలు డేటాబేసులో భద్రంగా ఉంటాయి. వాటికి రూపమిచ్చే మూసలు థీము అనే సంచిలో ఉంటాయి. బెల్లంపాకం ఒకటే అయినా, పోసిన అచ్చునుబట్టి అచ్చుబెల్లానికి ఆకారం వస్తుంది గదా! ఇదీ అంతే.

ఎవరైనా 'మొసళ్లు' పేజీని అడిగారనుకోండి. ఈ పేజీకి ఫలానా మూస కావాలని రాసినవారు ప్రత్యేకంగా ఎంచుకున్నారా అని వర్డ్‌ప్రెస్ మొదట చూస్తుంది. లేకపోతే, ఆ పేజీ చిరునామాలోని పేరుతోనే 'పేజ్-మొసళ్లు' అనే మూస ఉన్నదా అని వెతుకుతుంది. అదీ లేదా? ప్రతి పేజీకి ఒక అంకె ఉంటుంది. ఈ పేజీ అంకె 25 అయితే, 'పేజ్-25' కోసం చూస్తుంది. అదీ లేకపోతే, పేజీలన్నిటికీ పనికివచ్చే 'పేజ్'. ఆ తరవాత, పేజీలకూ వ్యాసాలకూ ఉమ్మడిగా ఉండే 'సింగ్యులర్'. చిట్టచివర 'ఇండెక్స్'. నీరు మెట్టుమీదనుంచి మెట్టుకు జారినట్టు, ప్రత్యేకమైన మూసనుంచి సామాన్యమైన మూసకు దిగుతుందన్నమాట. మొదట దొరికిన మూస దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఏర్పాటువల్ల లాభమేమిటంటారా? ఒక మూస పోయినా పేజీ పోదు. మాటలు వేరేచోట ఉన్నాయి కాబట్టి, రూపం మాత్రమే మారుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉన్నది. కావలసిన మూస దొరకకపోతే వర్డ్‌ప్రెస్ కేక వేయదు. చప్పుడు చేయకుండా కింది మెట్టుకు దిగుతుంది. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 నుంచి మూసల పేర్లను నేరుగా తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. పేజీ చిరునామాలో 'మొసళ్లు' అనీ, మూస పేరులో 'మొసళ్ళు' అనీ రాశారనుకోండి. మనం రెండూ ఒకటే అనుకుంటాం. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేరువేరు పేర్లు! మీ ఎర్రని మూసను అది పట్టించుకోదు. హెచ్చరిక మామూలు పేజీలలాగే చిన్న అక్షరాలలో కనబడుతుంది. చూసేవాడు చదవకుండానే దాటిపోవచ్చు. తప్పు ఒక్క వత్తుది. ప్రమాదం మడుగులో దిగినవాడిది.

అందుచేత మూస తయారుచేయగానే పని అయిపోయిందనుకోకండి. ఆ పేజీని తెరిచి, మీరు కోరిన రూపంలోనే వచ్చిందో లేదో కళ్లారా చూసుకోండి. రాకపోతే, ముందుగా రెండు పేర్లనూ అక్షరం అక్షరం పోల్చండి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఒక థీములో 'పేజ్-25', 'సింగ్యులర్', 'ఇండెక్స్' అనే మూడు మూసలే ఉన్నాయి. 'దారి' పేజీ అంకె 31. దానికి ఏ మూసనూ ప్రత్యేకంగా ఎంచుకోలేదు. అయితే ఆ పేజీ ఏ మూసలో కనబడుతుంది? మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆలోచించి చెప్పండి.

(జవాబు: సింగ్యులర్.)